తెల్ల ముఖం గింజ

మా లెక్కల సారు పోయారు. భద్రాచలం బస్సులో కండక్టర్ టికెట్ కొడుతూ చెప్పాడు: "మీ బడి సారు మొన్న పొద్దుగాల పోయిండంట మేడం, ఎరుకేనా?" ఏడుపు రాలేదు. ముందు కోపమే వచ్చింది. ఇక నిలదీయడానికి మనిషి లేడు.

డెబ్భైల్లో అడవి అంచున మా హాస్టల్ బడి. సారు మాకు తలా ఒక చింతగింజ ఇచ్చేవారు. ఒక వైపు బండకు అరగదీసి తెల్లగా చేసింది. పలక మీద లెక్క చేశాక గింజ పక్కన పెట్టాలి. జవాబు ఖాయమనుకుంటే నల్ల ముఖం పైకి, అనుమానముంటే తెల్ల ముఖం. ఆయన జవాబు కంటే ముందు గింజనే చూసేవారు. తెల్లగా కనిపిస్తే పక్కన కూర్చుని, "అనుమానం ఏడ షురువైంది? ఆడ వేలు పెట్టు" అనేవారు. వేలు పెట్టేసరికి సగం తప్పులు మాకే దొరికేవి. నల్ల ముఖం పెట్టి తప్పు చేసినవాళ్లతోనే ఆయనకు ఎక్కువ పని.

"తెల్ల ముఖం పెట్టినోళ్లను నేనెన్నడు తక్కువ చెయ్య బిడ్డా." ఆ మాట నమ్మాను.

ఏడో తరగతిలో పట్నం గురుకులం పరీక్షకు బడి నుంచి ఒక్కరినే పంపాలన్నారు. చివరికి నేనూ, నా పక్క మంచం పిల్లా మిగిలాం. సారు లెక్కలిచ్చారు. ఇద్దరివీ అన్నీ సరైనవే. ఒక్క లెక్క దగ్గర మాత్రం నా గింజ తెల్లగా ఉంది. ఆయన ఆమెను పంపారు.

"తక్కువ చెయ్యనన్నరు గద సార్!"

"ఆడ జంకకుంట రాసే పిల్ల గావాలె బిడ్డా," అని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఇంత మోసం నాకు ఇంకెవరూ చేయలేదు. బడి మాని బీడీల తునికాకు కోతకు పోయాను. ఎన్నో ఏళ్లకు ప్రైవేటుగా పదో తరగతి రాసి, ఇప్పుడు పాల్వంచలో చిన్నపిల్లలకు చదువు చెబుతున్నాను. నా బల్ల మీదా చింతగింజలే. ఆ పద్ధతి బంగారం. దాన్ని నేర్పిన మనిషే దాన్ని తప్పాడు.

నిరుడు బస్టాండులో కనబడి, "కోపం పోయిందా బిడ్డా?" అన్నారు. జవాబు చెప్పకుండా బస్సెక్కేశాను.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఫొటో ముందు దీపం వెలుగుతోంది. సంచిలోంచి గింజ తీస్తుంటే సారు భార్య "ఏంది బిడ్డా అది?" అని అడిగింది.

"సారు ఒకటి అడిగిండు అమ్మా. జవాబు బాకీ ఉన్న."

"పోయింది సార్," అని మెల్లగా చెప్పి, గింజ పెట్టాను. తెల్ల ముఖం పైకి.