వేలు వదిలాక

నిన్న కుట్టుమిషన్‌కి నూనె వేస్తుంటే, ఆ వాసన తగిలి సీసా పక్కన పెట్టేశాను. అది హెరాల్డ్ బేస్‌మెంట్ వాసన. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా పక్కింట్లో ఉండేవాడాయన. రిటైరైన ఫిజిక్స్ టీచర్, భార్య పోయింది. మా గడ్డి కోసే యంత్రం మొరాయిస్తే వచ్చి, పక్కన కూర్చుని నా చేతే బాగుచేయించాడు. ఆఫీసులో ఎవరూ నాకంత ఓపికగా ఏదీ నేర్పలేదు. అలా ఆయన శిష్యురాలినయ్యాను.

ఆయన దగ్గర వాళ్ల నాన్న కాలంనాటి ట్వంటీ టూ రైఫిల్ ఉండేది. ఉడుతల వేటకి వాడే చిన్న తూటాల తుపాకీ. నేను అక్కడికి వెళ్లడం మా ఆయన రవికి నచ్చేది కాదు.

“గన్స్ ఉన్న ఇంట్లో నీకేం పని? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, ఏమైనా అయితే?”

“నేను ముట్టుకోను రవీ, చూస్తానంతే.”

హెరాల్డ్ కూడా అదే చెప్పాడు. “నీ వీసాతో దీన్ని పట్టుకోకూడదు. చూడు, చాలు.”

ఆ కాలపు మిగతా సెమీ ఆటోమేటిక్‌లలో గుండు పేలగానే బోల్ట్, అంటే తూటాని లోపలికి తోసే ఇనుప కడ్డీ, వెనక్కెళ్లి, వెంటనే ముందుకొచ్చి ఇంకో తూటా ఎక్కిస్తుంది. దీంట్లో ట్రిగ్గర్ మీద వేలున్నంతసేపూ బోల్ట్ వెనకే ఆగిపోతుంది. వేలు వదిలితేనే ముందుకొస్తుంది. చెడిపోయిందేమో అన్నాను.

“నీకు అలవాటు లేనిదల్లా చెడిపోయిందనకు. ఎందుకలా చేశారో అడుగు,” అన్నాడు.

బొమ్మలు గీశాడు, విప్పి చూపించాడు. లోపలి కొక్కెం బోల్ట్‌ను ఎలా పట్టి ఆపుతోందో నా అంతట నేను చెప్పిన రోజు బల్ల చరిచి నవ్వాడు.

ఒక శనివారం ఆయన కూతురు లిండా వచ్చింది. తూటాలు తీయకుండా తుపాకీని గోడకి ఆనించాడని అంతకుముందే ఆమె గొడవ చేసింది. ఇంకొక్క పొరపాటు జరిగితే ఆయన తుపాకులన్నీ తీసుకుపోతానంది. ఆవిడ పైన ఉండగా హెరాల్డ్ నాకు మళ్లీ చూపించబోయాడు. ట్రిగ్గర్ నొక్కి పట్టి బోల్ట్ వెనక్కి లాగాడు. అది ఆగింది. వేలు వదిలాడు, అది ముందుకొచ్చింది. తూటాలు నింపే గొట్టంలో ఒకటి ఉండిపోయిందని, బోల్ట్‌తో పాటు అదీ ఎక్కిందని ఆయనకి తెలియదు. మళ్లీ నొక్కాడు. గుండు కిటికీలోంచి దూసుకెళ్లి వెనకింటి అద్దాల తలుపు పగలగొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పోలీసులొచ్చారు.

“ఎవరు కాల్చారు?” అని ఆఫీసర్ అడిగాడు.

హెరాల్డ్ నా వైపు చూడలేదు. “ఈ అమ్మాయే. వద్దన్నా పట్టుకుంది,” అన్నాడు.

రవి మొహం, మా పిల్ల బడి, సర్దుకోవాల్సిన పెట్టెలు కళ్లముందు కదిలాయి. అప్పుడు మెట్ల మీంచి లిండా గొంతు వినిపించింది.

“లేదు నాన్నా. అప్పుడే దిగుతూ ఇక్కడ నిలబడి చూశాను. నువ్వే నొక్కావు.”

ఆ సాయంత్రమే ఆమె తుపాకులన్నీ తీసుకుపోయింది. మర్నాడు హెరాల్డ్ కంచె దగ్గరికొచ్చాడు.

“నా తుపాకులు పోతాయని భయపడ్డాను. నువ్వు అర్థం చేసుకుంటావుగా?”

క్షమించమని అడుగుతాడని చూశాను. అడగలేదు. లోపలికొచ్చి తలుపేసుకున్నాను. ఆయన పోయేదాకా మళ్లీ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్లకి పని నేర్పుతుంటే నా నోట్లోంచి వచ్చేది ఆయన పద్ధతే. దాన్ని వదిలించుకోవాలని చూశాను. అది తీసేస్తే నేర్పడానికి నా దగ్గరేమీ మిగలడం లేదు. మొన్న ఒకమ్మాయి, “మీకిలా ఎవరు నేర్పారండీ?” అని అడిగింది.

“ఎవరూ లేరు,” అన్నాను.