ఏ లైన్‌ల ఉంది మామా?

పోయిన వారం మా పక్కింటి పెద్దాయన మెట్ల మీద జారి పడితే ఆటోలో ఎక్కించుకుని నాచారం వైపున్న ఒక చిన్న దవాఖానాకు తీసుకెళ్లాను. నర్సమ్మ ఫారం ముందు పెట్టుకుని, "ఎట్ల పడిండు సార్? కండ్లు తిరిగినయా? బీపీ ఉన్నదా?" అని అడిగింది. ఒకప్పుడైతే ఆమె మూడో ప్రశ్న దాకా రాకముందే జవాబులన్నీ చెప్పేసి, ఆయన మెట్లు ఎంత నిర్లక్ష్యంగా దిగుతాడో కూడా కలిపి ఉండేవాణ్ని. ఆ రోజు మాత్రం, "నేను సూడలేదమ్మా. సప్పుడు ఇని వచ్చిన, గంతే. ఆయనకు సోయి ఉన్నది గద, ఆయన్నే అడుగు," అన్నాను. "తోలుకొచ్చినోళ్లే జెప్పాలె గద సార్," అని ఆమె సణుక్కుంది. తీసుకొచ్చినవాళ్లు చెప్పడం అనే మాట వింటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకో చెప్పాలంటే మూడేళ్ల కిందటి ఎండాకాలం దాకా వెళ్లాలి.

ఆ ఎండాకాలం మా చెల్లెలి కూతురు లా ఎంట్రన్స్ రెండోసారి రాయడానికి సిద్ధమవుతోంది. మొదటిసారి ఇంగ్లీషు పాసేజీల దగ్గర దెబ్బతింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన పిల్ల. మల్లాపూర్‌లో వాళ్లుండే రెండు గదుల పోర్షన్ వెనకే గ్రైండింగ్ వర్క్‌షాపు ఉండటంతో పగలంతా చెవులు చిల్లులు పడేవి. అందుకని రోజూ పదింటికల్లా టిఫిన్ డబ్బా పట్టుకుని ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర ఫ్యాన్ కింద కూర్చునేది. నేను అప్పుడే రిటైరయ్యాను. నాచారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్లు కాగితాలు తనిఖీ చేసిన వాణ్ని. ఏ యంత్రాన్ని ఎవరు కడిగారు, ఎప్పుడు కడిగారు, దేనితో తుడిచారు అన్నీ కాగితం మీద ఉండాలి, కింద నా సంతకం ఉండాలి. రాయనిది జరగనట్టే అన్నది అక్కడ మా మొదటి పాఠం. అలాంటివాడికి ఇంట్లో చేయడానికి ఏ పనీ లేక మా ఆవిడ పప్పు డబ్బాలకు తేదీల చీటీలు అంటిస్తుంటే, ఆమె విసిగిపోయి, "పోయి ఆ పిల్లకు జర ఇంగ్లీషు చెప్పరాదుండ్రి," అని నన్ను టేబుల్ దగ్గరికి తరిమింది.

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. నీళ్లను శుద్ధి చేయడం మీద మొదటి పాసేజీ వచ్చింది. నీళ్లంటే నాకు కొట్టిన పిండి. ఐదు ప్రశ్నలకూ చదవకుండానే జవాబులు చెప్పేశాను. వెనక పేజీలో సరిచూస్తే నాలుగు తప్పులు. పుస్తకమే తప్పని వాదించాను. మేనకోడలు నవ్వకుండా, "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు మామా. గని ఏ లైన్‌ల ఉంది?" అంది. వాళ్ల కోచింగ్ సారు పెట్టిన నియమం అది. జవాబు మీద గుర్తు పెట్టేముందు దానికి ఆధారమైన లైను మీద వేలు పెట్టాలి. వేలు పెట్టడానికి లైను దొరక్కపోతే ఆ జవాబు ఎంత నిజమైనా వదిలేయాలి. ఇక నాలుగో ఆప్షన్ ఒకటుండేది, ‘ఇచ్చిన భాగం నుంచి చెప్పలేం’ అని. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. "చెప్పలేం అనేది గూడ ఒక జవాబా? గిట్ల అనెటోడు రేపు వకీలై ఏం పీకుతడు?" అని రోజుకోసారి ఎగిరేవాణ్ని. ఆ పిల్ల మాత్రం పెన్సిల్‌తో మెల్లగా గీత గీసుకుంటూ పోయేది. నెల తిరిగేసరికి పదికి ఏడెనిమిది సరిగ్గా పెడుతోంది. నాకు మాత్రం ఐదు దాటడం లేదు.

ఇక్కడ వాళ్ల నాన్న సంగతి చెప్పాలి. మా బావ కూడా మా కంపెనీలోనే పనిచేసేవాడు, ప్లాంటులో రియాక్టర్లనే పెద్ద స్టీలు పాత్రలు శుభ్రం చేసే పని. ఆ ఎండాకాలానికి తొమ్మిదేళ్ల ముందు ఒక సాయంత్రం షిఫ్టు దిగి ఇంటికి పోతూ మల్లాపూర్ మలుపులో బండి మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కబురు ముందు నాకే వచ్చింది. దవాఖానాలో చేర్పించిందీ నేనే. తాగి నడిపాడని మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయం. ఆయన ఒకటి రెండుసార్లు "నేను ముట్టలే" అన్నాడు కానీ, తాగినవాళ్లందరూ అనేదే కదా అనుకున్నాం. తర్వాత అనడం మానేశాడు. కాలు సరిగ్గా అతకలేదు, ప్లాంటు పని పోయింది, వాచ్‌మన్ పనిలో కుదిరాడు. ఏడాదికి ఉప్పల్‌లో నా ఇంటి గృహప్రవేశమైంది. "పదిమంది వస్తరు, ఆయన్ను తేకు," అని చెల్లెలితో నేనే అన్నాను. ఆమె ఒక్కతే వచ్చి, పాలు పొంగేదాకా ఉండి, తినకుండా పోయింది. అప్పటి నుంచి బావ మా గడప తొక్కలేదు. మేనకోడలిని రోజూ గేటు దగ్గర దింపి అటు నుంచి అటే పోయేవాడు. తాగుబోతు కూతురు కష్టపడి చదువుతోందని ఆ పిల్ల వినేట్టే చుట్టాలతో మెచ్చుకునేవాణ్ని నేను.

పరీక్షకు పది రోజులుందనగా పుస్తకాల్లో పాసేజీలు అయిపోయాయి. ఏ ఇంగ్లీషు కాగితం దొరికినా దాని మీద ప్రశ్నలు రాసుకుని సాధన చేయమన్నాడట వాళ్ల సారు. నాకు భలే హుషారొచ్చింది. బీరువాలో నా పాత ఫైళ్లున్నాయి, కాగితం పారేసే అలవాటు నాకు లేదు. తెచ్చి టేబుల్ మీద పడేసి స్నానానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల ఒకే ఒక్క కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. "మామా, ఒక ప్రశ్న రాసిన. పేషెంటు తాగి ఉన్నడు అనేటందుకు ఆధారం ఏ లైన్‌ల ఉంది?" అంది.

అది బావ దవాఖానా కాగితం. ఫైల్లో ఉందన్న సంగతే మరిచిపోయాను. అయినా తడుముకోకుండా రెండో లైను మీద వేలు పెట్టాను. తాగి నడుపుతూ పడ్డాడని అక్కడ స్పష్టంగా ఉంది. "లైను మొత్తం సదువు," అంది. చదివాను. తీసుకొచ్చిన వ్యక్తి చెప్పిన ప్రకారం, అని మొదలవుతుంది ఆ లైను. "తీసుకొచ్చింది ఎవలు?" అంది. కింద నా పేరు, దాని పక్కన నా సంతకం. డాక్టరు తాను పరీక్షించి రాసిన భాగమంతా వెతికాను. బీపీ ఉంది, నాడి ఉంది, ఎముక ఎక్కడ విరిగిందో ఉంది. తాగుడు మాట ఎక్కడా లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. తొమ్మిదేళ్లుగా ‘దవాఖానా కాగితంలోనే రాసుంది’ అని నేను ఎంతమందికి చెప్పానో! ఆ కాగితంలో రాసుంది నా మాటే.

"వాసన వచ్చింది బిడ్డా, నా ముక్కుతోని నేను సూసిన," అన్నాను. "నాయన పని ఏంది మామా?" అంది ఆ పిల్ల. కడిగిన రియాక్టరును స్పిరిట్‌తో తుడిచారు అనే వాక్యం కింద ఇరవై ఆరేళ్లు రోజూ సంతకం పెట్టినవాణ్ని నేను. ఏసీ గదిలో కూర్చుని ఆ మాట వేలసార్లు చదివాను కానీ, తుడిచిన మనిషి ఒంటి మీద సారా లాంటి ఆ వాసనే ఉంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. "తాగలేదని గూడ ఇండ్ల లేదు మామా," అంది ఆ పిల్ల, న్యాయంగా. పెన్సిల్ తీసుకుని, తను రాసుకున్న ప్రశ్న కింది నాలుగో ఆప్షన్ చుట్టూ సున్నా చుట్టింది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద మల్లాపూర్ పోయాను. బావ డ్యూటీ దిగి వచ్చి, కాలు చాపుకుని గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను చెప్పాల్సింది తొందర తొందరగా చెప్పేసి, కాగితం చేతికిచ్చాను. ఆయన చదవలేదు. మడత పెట్టి నాకే ఇచ్చేశాడు. "ఆ దినం షిఫ్టు దిగేటప్పుడు స్పిరిట్ డబ్బ ఒలికి ప్యాంటు తడిసింది బావా. ఒలికిందని రాయించి గూడ వచ్చిన. ఆ కాగితం నీ టేబుల్ మీదికే వచ్చుంటది," అన్నాడు. వచ్చే ఉంటుంది. మరునాడు దవాఖానా నుంచి నేరుగా ఆఫీసుకు పోయి, దాని మీద సంతకం పెట్టే ఉంటాను. "గప్పుడే ఎందుకు జెప్పలే బావా?" అన్నాను, ఇంకేం అనాలో తెలియక. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నన్ను అడిగినవా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. లోపల కుట్టుమిషను దగ్గర ఉన్న చెల్లెలు తల ఎత్తలేదు కానీ మిషను చప్పుడు ఆగిపోయింది. "తప్పయింది," అన్నాను. ఆ మాట నా నోట అంతకుముందు ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు.

తర్వాత చుట్టాలందరి ఇళ్లకూ ఫోన్లు చేశాను. కొందరు నమ్మారు, కొందరు "పోనీతీ, ఇప్పుడు ఎందుకది" అన్నారు. నేను చెప్పినప్పుడు నమ్మినంత సులువుగా, నేనే కాదన్నప్పుడు ఎవరూ నమ్మలేదు. పరీక్ష రోజు బావ ఆటోలో కూతుర్ని తీసుకుపోతూ మా గేటు దగ్గర ఆగాడు, ఆ పిల్ల హాల్ టికెట్ మా టేబుల్ మీద మరిచిపోయిందని. లోపలికి రమ్మన్నాను. "ఆలస్యమైతది బావా, పరీక్ష అయినంక," అన్నాడు. నిజంగానే సాయంత్రం ముగ్గురూ వచ్చారు. మేనకోడలికి పాసేజీలు బాగానే వచ్చాయట. సీటు కూడా వచ్చింది, అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం బావ కర్ర ఆనించుకుంటూ గది గదికీ తిరిగాడు. అప్పటికి గోడల రంగులు రెండుసార్లు మారాయి, వంటింటి తలుపు ఉబ్బి సరిగ్గా పడటం లేదు. ఆయన మాత్రం ఆ రోజే పాలు పొంగించిన ఇంటిని చూసినట్టు చూసి, "ఇల్లు మంచిగ కట్టినవ్ బావా," అన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఆయన ఆదివారాలు వస్తాడు, ఫ్యాన్ కింద అదే కుర్చీలో కూర్చుంటాడు, పప్పు డబ్బాల మీది చీటీలు చదివి నన్ను ఆట పట్టిస్తాడు. నేను నవ్వుతాను. నవ్వుతూనే ఒక్కోసారి లెక్క వేస్తాను, ఆ ఎనిమిదేళ్లలో ఈ కుర్చీలో ఎన్ని ఆదివారాలు కూర్చుని ఉండేవాడో, ఎంత నవ్వించి ఉండేవాడో అని. ఇచ్చిన భాగం నుంచి చెప్పలేం.