ముందు గుర్రాలు

ఆ ఊరి ఊటలో ముందు, శిలువ గుర్తుతో సముద్రం దాటొచ్చి ఊరిని ఏలుతున్న పరంగి దొర గుర్రాలు తాగాలి. అవి కలిచిన బురద తేరుకున్నాకే ఆడవాళ్లు కుండలు ముంచుకోవాలి. తాబరియా సరస్సుకు పడమటి కొండల్లోని ఆ ఊరికి వర్దా కోడలిగా వచ్చిన నాటినుంచీ ఇదే వరస. ఆమె పక్కకు తప్పుకొని నిలబడేది.

ఆ ఎండాకాలం గోధుమ నూర్పిళ్ల వేళ, కొండ అవతల సుల్తాను సేన దిగిందని కబురొచ్చింది. పరంగి దొరలు దండు కట్టారు. దొర పెత్తందారు వచ్చి, వర్దా మొగుడు ఖలఫ్‌నూ అతని కంచరగాడిదనూ మూటలు మోయడానికి రమ్మని హుకుం చేశాడు.

"మన మతంవాళ్ల మీదికి వీళ్ల మూటలు నేను మోయాలటే!" అన్నాడు ఖలఫ్.

"గట్టిగా అనకు. కొట్లాట మొదలైతే గాడిద కింద దూరు."

"అది నాకంటే ముందే నా కింద దూరుతుందే, పిచ్చిదానా."

తెల్లారి దండు ఊటను వదిలి ఎండు మెట్టమీదికి కదిలింది. ఆ దారిలో చుక్క నీరు లేదు. వర్దా ఇంట్లో ఉన్న ఒక్క తోలుతిత్తినీ నింపుకొని పరుగెత్తింది. ఖలఫ్ చెయ్యి చాచేలోపే పెత్తందారు లాక్కున్నాడు.

"అయ్యా, అది మా ఆయనకు!"

"గుర్రం కూలితే దొరను మీ ఆయన మోస్తాడా?"

తిత్తి మొత్తం గుర్రానికే పట్టాడు. వర్దా నోరు తెరవబోయింది. ఖలఫ్ కళ్లతోనే వద్దన్నాడు.

ఆ రాత్రంతా కొండమీద నగారాలు మోగాయి. మర్నాడు ఎండుగడ్డికి ఎవరో నిప్పు పెట్టారు. పొగ నూర్పిడి కళ్లాల దాకా పాకింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా అరుపులు. అవి ఏ భాషవో తెలియలేదు.

పొద్దుగూకే వేళకు కంచరగాడిద ఒక్కటే దిగొచ్చింది. జూలు కమిలిపోయింది. మెడకు ఖలఫ్ తలగుడ్డ కట్టి ఉంది. ఊటలో మూతి పెట్టి తాగుతూనే ఉంది.

"ఆయనేడే?" అని వర్దా దాన్నే అడిగింది.

పరంగులు ఓడిపోయారు, ఖలఫ్ తిరిగి రాలేదు. కొన్నాళ్లకు కొత్త దొర వచ్చాడు. సుల్తాను మనిషి, తమ మతంవాడే. ఇక కష్టాలు తీరాయనుకుంది ఊరు. అతని బంటు గుర్రాలను ఊటకు తోలుకొచ్చాడు.

"తప్పుకో అమ్మా. ముందు గుర్రాలు."

వర్దా తప్పుకోలేదు. "మా ఆయన వంతు కూడా గుర్రమే తాగేసింది. ఇక అవి ఆగాలి," అంటూ కుండ ముంచింది.

బంటు కొరడా తీశాడు. వెనకున్న ఆడవాళ్లు నేలచూపులు చూశారు.

మీ ఊరి నీళ్ల దగ్గర కూడా ఎవరినో ఇంకా చివర నిలబెడుతూనే ఉన్నారు. ఏదో ఒకరోజు ఆ మనిషి తప్పుకోనంటుంది. ఆ రోజు మీరు నేలచూపులు చూడకండి. వెళ్లి ఆమె పక్కనే మీ బిందె కూడా ముంచండి.