మేడబాబు పట్టుకున్న టేపు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపు వదినే. ఇరవై రెండేళ్లుగా ఇంటిపన్ను ఆఫీసు తరఫున ఇళ్లు కొలుస్తోంది. చెవి మీద పెన్సిలు, సంచిలో యాభై అడుగుల టేపు. ఏ గడప దాటినా గోడల పొడవే కాదు, ఆ ఇంట్లో ఎవరికి పంటినొప్పో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో కూడా తెలుసుకునే బయటపడుతుంది.

వీధి మొత్తానికి ఇంత పన్ను అని ఆఫీసు ముందే తేల్చి, దాన్ని చదరపు అడుగుల ప్రకారం ఇళ్లకు పంచుతుంది. ఒక ఇల్లు కొలత తగ్గిస్తే ఆ బరువు మిగతా ఇళ్ల నెత్తిన పడుతుంది. చిన్న ఇళ్లను మూలమూలా కొలుస్తారు. వీధి చివరి మూడంతస్తుల మేడకు మాత్రం వేరే మర్యాద. గేటు దగ్గరే ఒక కాగితమూ, ఒక గ్లాసు నిమ్మరసమూ చేతికొస్తాయి. మేడబాబు కాగితంలో ఏది రాస్తే అదే కొలత. టేపు వదిన కూడా ఇన్నేళ్లూ ఆ నిమ్మరసం తాగి తిరిగొచ్చినదే.

ఈసారి ముందుగా మిషను చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఉన్నది ఒకటే గది. లోపల వెలుతురు చాలక, గుమ్మం ముందు రేకు వేయించుకుని దాని కింద బట్టలు కుడుతోంది.

"వదినా, ఈ రేకు కూడా లెక్కేనా?"

"పైన కప్పుంటే లెక్కేనమ్మా."

"అయితే పీకేస్తా. ఇప్పటికే కట్టలేక చస్తున్నా. చీకట్లో కుట్టి చొక్కాకి మూడు చేతులు పెడతా, ఏం చేస్తాం!"

ఇద్దరూ పకపకా నవ్వారు. కానీ రేకు పోతే మిషను మూలపడుతుందని ఇద్దరికీ తెలుసు. వదినకు ఇన్నేళ్ల నిమ్మరసమూ ఒక్కసారిగా గొంతులోకి వచ్చినట్టయింది.

"రేపటిదాకా ఆగు. మేడ కొలిచొస్తా" అంది.

మర్నాడు గేటు దగ్గర కాగితం సిద్ధంగా ఉంది. రెండు వేల అడుగులు.

"రెండు వేలేనా బాబుగారూ? అయ్యో పాపం! వెనక వీధి డాక్టరుగారిది మూడు వేలు దాటింది. నేనే కొలిచా."

మేడబాబు కనుబొమలు నెత్తికెక్కాయి. "ఆ అగ్గిపెట్టా? అది నా హాల్లో పడుతుంది!"

"ఏమో బాబూ, కాగితం మరోలా చెబుతోంది."

"కాగితం సంగతి వదిలెయ్! టేపు ఇటియ్యి!"

ఇక చూడాలి సంబరం. టేపు కొస మేడబాబే పట్టుకుని గదిగదికీ పరుగులు పెట్టాడు. "గోడకు ఆనించి పట్టమ్మా, ఆరంగుళాలు పోతున్నాయి" అని కసిరాడు. చెప్పుల గది చూపించాడు. కుక్కగది కొలిపించాడు.

"ఇది మిషను చెల్లెలి ఇంటికంటే నాలుగడుగులు పెద్దది బాబుగారూ."

"కుక్క కూడా పెద్దదేలే, రాసుకో!"

కుర్చీలో కూర్చున్న ఆయన తల్లి అడిగింది, "ఒరే, ఈ కొలతంతా దేనికిరా?"

"మన మేడ పెద్దదని తేల్చడానికమ్మా!"

"తేలిందిలే. పన్ను కాగితం మీద సంతకం పెట్టు."

మేడబాబు అప్పుడు చూశాడు. ఎనిమిది వేల నాలుగు వందల అడుగులు. మెల్లగా, "ఆ పాత కాగితమే ఉంచకూడదూ?" అన్నాడు.

"మీ ఇష్టం. డాక్టరుగారిదే పెద్దదని రాసుకుంటా."

ఆయన పెన్ను లాక్కుని సంతకం గీకేశాడు. తల్లి కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వింది.

నోటీసులొచ్చాయి. మిషను చెల్లెలికి రేకుతో సహా పోయినేటికంటే తక్కువే పడింది. మేడబాబు మాత్రం వీధిలో అందరికంటే ఎక్కువ కట్టేది తానేనని కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

రేకు కింద మిషను గడగడలాడుతుండగా చెల్లెలు అడిగింది, "ఈసారి కూడా నిమ్మరసం తాగావా వదినా?"

"తాగానే. హాల్లో కూర్చుని, రెండు గ్లాసులు!"