మా పాప ఆడకపోయినా నేను చూసే ఆట

మా అక్క కూతురు బేరిగై నుంచి రోజూ బస్సులో వచ్చిపోలేక, కాలేజీ రెండో సంవత్సరం హోసూరులో మా ఇంట్లోనే ఉండి చదువుకునేదానికి వచ్చింది. మాకు పిల్లల్లేరు. ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. నేను గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తా ఉండి, నడుంనొప్పితో మానేసి ఇంట్లో కూర్చున్న కాలమది. పొద్దున వంటైపోతే మళ్లా సాయంత్రం దాకా మాట్లాడే మనిషి ఉండరు. పాప వస్తా ఉండాదంటే పండగొచ్చినట్టే అనుకున్నాను.

వచ్చిన కొన్నాళ్లకే, "చిన్నమ్మా, నన్ను బాస్కెట్‌బాల్ టీములో తీసుకున్నారు. సాయంత్రం ప్రాక్టీసు, ఇంటికొచ్చేసరికి లేటవుతాది" అనింది.

"చీకట్లో ఒక్కదానివే రావద్దు. నేనే వచ్చి పిల్చుకోనొస్తా" అన్నాను.

అట్ల నేను ఆ కాలేజీ గ్రౌండుకు పోయినాను. అంతకుముందు ఏ ఆటా నిలబడి చూసిన మనిషిని కాదు. ఉద్దనపల్లిలో మా నాయన గొర్రెలెనక తిరిగిన పిల్లను, నాకు ఆటలేం తెలుసు? బంతి పట్టుకోని పరిగెత్తితే తప్పంట, నేలకు కొట్టుకుంటానే పోవాలంట. అది అర్థమయ్యేదానికే నాకు చాన్నాళ్లు పట్టింది.

మ్యాచిలు మొదలైనాయి. మా పాప బెంచీ మీదే ఉండిపోయింది. ఆట ఆపినప్పుడల్లా లేచి ఆడేవాళ్లకు నీళ్లిస్తాది, మళ్లా కూర్చుంటాది. నాకు కడుపు మండిపోయింది. ఒకరోజు ఆగలేక పీటీ మేడం దగ్గరికి పోయి అడిగినాను.

"మా పాపను ఎప్పుడు దింపుతారు మేడం?"

ఆమె కోపపడలేదు. "దాని వంతు వస్తాదిలేమ్మా. అందాకా ఆడతా ఉండే అయిదుమందిని కూడా కొంచెం చూడండి" అనింది.

నాకు సిగ్గేసింది. నిజమే, మా పాప యాడుందని చూడడం తప్ప, వాళ్ల మొగాలు కూడా నాకు సరిగ్గా తెలీవు. ఆ రోజు నుంచి చూడడం మొదలుపెట్టినాను. అందరికంటే పొడుగు పిల్ల కెప్టెను. వాళ్లమ్మానాన్న తెలంగాణ నుంచి ఈడికి పనికొచ్చినవాళ్లు. "మీ తెలుగు మస్తుగుంటది, పాట పాడినట్టే ఉంటది" అని నన్ను ఆట పట్టించేది. ఇంకో పొట్టి పాప ఎవరి చేతుల కిందనుంచో దూరి బంతి ఎత్తుకుపోయేది. మా పాప నన్ను పిలిచేది విని అందరూ చిన్నమ్మా అనే పిలిచినారు, అరవం పిల్లలూ, కన్నడం పిల్లలూ కూడా.

మొదట్లో వరసగా ఓడినారు. ఓడిన రోజు రాత్రి మా పాప కంటే నాకే అన్నం సయించేది కాదు. మా ఆయన నవ్వేవాడు. "ఏమే, నువ్వా ఆడింది?" అనేవాడు. ఆ తర్వాత యాడ కుదిరిందో కుదిరింది. ఒకటి గెలిచినారు, ఇంకొకటి గెలిచినారు, చూస్తా ఉండంగానే కృష్ణగిరిలో ఫైనలుకు వచ్చేసినారు.

"ఆడపిల్లల బంతాట చూసేదానికి కృష్ణగిరి దాకానా?" అన్నాడు ఆయన. పొద్దున లేచి చూస్తే నాకంటే ముందే స్నానం చేసి చొక్కా తొడుక్కోని ఉండాడు. షిఫ్టు మార్చుకున్నాడంట. నేను పెద్ద డబ్బా నిండా నిమ్మకాయ చిత్రాన్నం కలిపినాను. బస్సులో సూళగిరి దాటేదాకా ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకోని ఆయనే కూర్చున్నాడు.

ఫైనల్లో రెండు టీములూ సరిసమానంగా పోతా ఉంటే, చివర్లో మా కెప్టెనుకు అయిదో ఫౌల్ పడింది. ఇంక ఆడకూడదు. ఆ పిల్ల టవల్ మొగాన వేసుకోని బయటికొచ్చేసింది. మేడం బెంచీ తట్టు తిరిగి మా పాపను లెమ్మనింది.

మా పాప లేచి ఆటలోకి దిగింది. బంతి పాప చేతికొచ్చింది. రింగు ఎదురుగానే ఉండాది. జనమంతా "పోడు! పోడు!" అని అరవంలో అరుస్తా ఉండారు, వెయ్యి వెయ్యి అని. మా ఆయనైతే లేచి నిలబడి అరిచినాడు. మా పాప వెయ్యలేదు. పక్కన ఎవరూ కాపలా లేకుండా నిలబడిన పొట్టి పాపకు ఇచ్చింది. అది వేసింది. పడింది. నేను పక్కనున్న ఎవరో తెలీని ఆమెను గట్టిగా కావలించుకున్నాను.

అయినా గెలవలేదు. వెంటనే అవతలి వాళ్లు ఒకటి వేసినారు, ఇంకొకటి వేసినారు, విజిల్ ఊదేసినారు.

కెప్టెను దగ్గరికి పోయినాను. డబ్బా మూత తీసినాను. ఆ పిల్ల కండ్లు తుడుచుకోని, "ఓడిపోయినోళ్లకు కూడా పెడ్తవా చిన్నమ్మా?" అనింది.

"ఓడినోళ్లకే కదమ్మా ఆకలెక్కువ. తిను" అన్నాను.

అందరూ నా చుట్టూ నేలమీదే కూర్చోని తిన్నారు.

చదువైపోయి కెప్టెను ఉద్యోగంలో చేరింది. ఇంకో ఇద్దరు పెద్దపిల్లలు కూడా చదువు ముగించి కాలేజీ వదిలి పోయినారు. కాలేజీ మళ్లా తెరిచే ముందర మా పాప నా పక్కన కూర్చోని, "ఈ యేడు నేను ఆడను చిన్నమ్మా. బ్యాంకు పరీక్షకు చదవాల. నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ చెప్పలేదు" అనింది.

"ఆటంటే ఇష్టం పోయిందా?"

"లేదు. నాకు ఆటకంటే వాళ్లతో ఉండడమే ఎక్కువ ఇష్టం. ఆ ఇష్టం యాడికీ పోదు. నువ్వు మాత్రం మానొద్దు."

మానలేదు. ప్రాక్టీసు మొదలైన రోజు ఒక్కదాన్నే పోయినాను. పొట్టి పాప ఇప్పుడు కెప్టెను. కొత్తగా కృష్ణగిరి అవతల పోచంపల్లి నుంచి ఒక పొడుగు పిల్ల వచ్చింది, బంతి కొట్టేది ఇంకా రాదు, కాలికి తగిలి పారిపోతాది. అందరూ నవ్వితే అదీ నవ్వుతాది. ఈ యేడు మొదట్లో బాగా ఓడతారనే నాకనిపిస్తాది, ఎత్తున్నవాళ్లు తక్కువ. కానీ పరుగు బాగుండాది. ఆ పొడుగు పిల్లకు చేయి కుదిరితే మమ్మల్ని ఆపేదానికి కష్టపడాల్సిందే.

మమ్మల్ని అని రాసినాను. అట్లే ఉండనిస్తా. గోడలు చూస్తా కూర్చునే ఒక ఆడమనిషికి సాయంత్రమయ్యేసరికి పోయేదానికొక చోటు, అరిచేదానికొక గొంతు ఇచ్చినారు ఆ పిల్లలు. వాళ్లకది తెలీదు. తెలియకుండానే ఇచ్చినారు కాబట్టి నాకింకా ఎక్కువగా అనిపిస్తాది. ఎక్కడున్నా వాళ్లు చల్లగా ఉండాల.