గీత తొక్కని పెద్దాయన

పోయిన శుక్రవారం పొద్దున ఆఫీసులో మీటింగులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నప్పుడు చేయొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు. కట్ చేశాను. మళ్లీ చేసింది. బయటికొచ్చి విసుగ్గా "ఏందే?" అన్నాను.

"పై ఇంటి తాత పోయిండు" అంది. "మందులిచ్చే నర్సు వచ్చి చూసేసరికే కుర్చీల పానం పోయిందట. బూట్లేసుకునే ఉన్నడట." వెంటనే, "శుక్రవారమని తలుపు ముందర ముగ్గేసిన. ఇప్పుడు అది తుడవాల్నా, ఉంచాల్నా?" అని అడిగింది.

చావు జరిగిన చోట ముగ్గు ఉండకూడదు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా అడిగింది. నేనూ తుడవమనలేదు, వస్తున్నా ఆగు అన్నాను. మా ఇద్దరికీ ఆ ముగ్గు దగ్గర కాళ్లు ఎందుకు కట్టేసినట్టయిందో మీకు అర్థం కావాలంటే ఆ పెద్దాయన గురించి చెప్పాలి.

జర్మనీలోని జీగెన్‌లో మేముండేది కొండవాలు మీద పాత బిల్డింగు. లిఫ్టు లేదు. మాది మూడో అంతస్తు, ఆయనది మా పైన, నాలుగోది. అమెరికావాడు, ఒంటరివాడు. ఈ ఊరి పిల్లలకు బేస్‌బాల్ నేర్పేవాడు కాబట్టి అందరూ కోచ్ అనేవారు. మేమూ అలాగే పిలిచాం.

ఇల్లు మారిన కొత్తలో పిల్లలు రోడ్డు మీద గీతలు గీసుకునే సుద్దముక్క ఒకటి కొని మా ఆవిడ తలుపు ముందు ముగ్గేసింది. అది ఇరుకు మెట్లు కదా, ముగ్గు చుట్టూ వేసిన గీత దారికి అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చింది. బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్ చూసి ఎగిరెగిరి పడ్డాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన పైనుంచి దిగుతూ వచ్చాడు. గీత ముందు టక్కున ఆగాడు. కిందికి చూశాడు. ఎడమ కాలు పైకెత్తి, చిన్నపిల్లాడిలా ఒక్క గెంతు గెంతి అవతల పడ్డాడు. తర్వాత హౌస్‌మైస్టర్ వైపు తిరిగి, "సుద్దే కదా, సాయంత్రం వాళ్లే తుడుస్తారు. అప్పటిదాకా మాత్రం నువ్వు దాన్ని తొక్కకు" అన్నాడు. హౌస్‌మైస్టర్ నోరు అంతటితో మూతపడింది.

"చూసినవా, మన పద్ధతి తెల్సినోడు!" అని మా ఆవిడ మురిసిపోయి ఆ రోజే గిన్నె నిండా పులిహోర ఇచ్చి పంపింది. తీరా గిన్నె వాపసు ఇవ్వడానికి వచ్చినప్పుడు తెలిసింది అసలు సంగతి. బేస్‌బాల్ మైదానానికి కూడా సుద్దగీత ఉంటుందట. బంతి విసిరే ఆటగాడు, అంటే పిచ్చర్, లోపలికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ గీత తొక్కితే అరిష్టమట. "మీకూ అంతేనా?" అని ఆయన అడిగాడు. "అంతే అంకుల్, సేమ్ సేమ్" అంది మా ఆవిడ, ముగ్గుకు వెయ్యి అర్థాలున్నా విప్పి చెప్పే ఇంగ్లిష్ దొరక్క. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆయన ఆ గీత మీదుగా గెంతేవాడు. మేం తలుపు వెనక నిలబడి ఆ చప్పుడు వినేవాళ్లం.

బేస్‌బాల్ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నాకూ అంతంతే. క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు పిచ్చర్. అందులో కొందరు ఆట మొదట్నుంచీ ఆడరు, మొదటివాడు అలసిపోతే పిలుస్తారు. అప్పటిదాకా మైదానం పక్కన కంచె వేసిన చోట కూర్చోవాలి. దాని పేరు బుల్‌పెన్, అంటే ఎద్దుల దొడ్డి. అది వినగానే మా ఊళ్లో దారి తప్పిన పశువుల్ని తోలే బందెలదొడ్డి గుర్తొచ్చి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అందులో ఒక ఫోనుంటుంది" అన్నాడు. "అది మోగితే లేచి చెయ్యి వేడెక్కేదాకా విసరాలి. మళ్లీ మోగుతుంది. 'రా' అంటే వెళ్లాలి, 'కూర్చో' అంటే కూర్చోవాలి. నా జీవితమంతా చెయ్యి వేడెక్కించుకోవడమే అబ్బాయ్."

అమెరికాలో చిన్న చిన్న ఊళ్ల జట్లన్నీ తిరిగాడు. ఎక్కడా కుదురుగా ఉండనివ్వలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అన్నిటికంటే పై లీగు నుంచి కబురొచ్చింది. వెళ్లాడు. వేల మంది జనం, లైట్లు. వారమంతా దొడ్లో కూర్చున్నాడు. ఆఖరి రోజు ఫోను మోగింది. లేచి విసిరాడు, చెమటలు పట్టేదాకా విసిరాడు. మళ్లీ మోగింది. కూర్చోమన్నారు. మర్నాడు బస్సెక్కించి వెనక్కి పంపేశారు. మైదానంలో ఒక్క బంతీ వేయలేదు కాబట్టి అక్కడ ఆడినవాళ్ల పేర్లలో ఆయన పేరు లేదు. తర్వాత మెక్సికో, తైవాన్, ఇటలీ. అన్నిచోట్లా ఒక్క సీజను కాంట్రాక్టే. జర్మనీకి కూడా ఒక్క సీజనుకే వచ్చాడు. భుజం పోయింది, ఇక్కడే ఉండిపోయాడు. పగలు గోదాములో పని, సాయంత్రం పిల్లలకు ఆట.

నా ఉద్యోగం పోయిన చలికాలంలో ఆయనే నాకు దిక్కయ్యాడు. కొత్త ఉద్యోగం త్వరగా దొరక్కపోతే ఈ దేశంలో ఉండి పనిచేయనిచ్చే బ్లూ కార్డు సంగతేంటని నాకు నిద్ర పట్టేది కాదు. ఆకెన్‌లో ఒక కంపెనీ ఆఖరి రౌండు దాకా రమ్మని, తర్వాత వద్దంది. డ్రెస్డెన్‌లోనూ అదే తంతు. మెట్ల మీద కూలబడి ఉంటే ఆయన పక్కనే కూర్చుని, "కూర్చోమంటే వెళ్లిపొమ్మని కాదు. చెయ్యి చల్లారనీకు" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆ చలికాలం గట్టెక్కాను. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు నాకంటే గట్టిగా అరిచాడు.

ఆ తర్వాత ఏడాదికి ఆయన మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. దిగితే ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. కింది మైదానంలో పిల్లల అరుపులు కిటికీలోంచి వినబడేవి, చూద్దామంటే అడ్డంగా పక్క బిల్డింగు. నేల అంతస్తులో ఇల్లు కావాలని హౌసింగ్ ఆఫీసులో పేరు రాయించుకుని, వాళ్ల పిలుపు కోసం ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బూట్లు కూడా విప్పేవాడు కాదు. నేను తిడితే, "పిలిచినప్పుడు బూట్లు వెతుక్కుంటూ ఉంటే నవ్వుతారు" అనేవాడు. కూర గిన్నె పట్టుకుని పైకి వెళ్లిన ప్రతిసారీ అడిగేది ఒక్కటే, "కింద ఎండ ఉందా?" నేను గిన్నె మూత తీసి, ముందు తినమనేవాణ్ని.

మొన్న వసంతంలో ఆ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పక్క వీధిలో నేల అంతస్తు ఇల్లు ఖాళీ అవుతోంది, సిద్ధంగా ఉండమన్నారు. పెద్దాయన ఒక్క పెట్టె సర్దుకున్నాడు, పాత టోపీ పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి దించడానికి ఇద్దరు స్టూడెంట్లను మాట్లాడి ఉంచాను. వారం తర్వాత నేను అక్కడుండగానే ఫోను మళ్లీ మోగింది. ఆయన "యా, యా" అంటూ విన్నాడు. మెల్లగా పెట్టేశాడు. ఇంకా అవసరమున్న వాళ్లెవరికో ఇచ్చేశారట, మీ పేరు అలాగే ఉంచుతాం అన్నారట.

"కూర్చోమన్నారు" అన్నాడు.

ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను. "కూర్చోమంటే వెళ్లిపొమ్మని కాదు కదా కోచ్."

"అది నీ వయసువాళ్లకు చెప్పేది అబ్బాయ్" అన్నాడు. కోపంగా కాదు, చాలా మామూలుగా. అంతకు ముందెప్పుడూ ఆయన దగ్గర అంత చేతకానివాడిలా నిలబడలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు కానీ బూట్లు విప్పలేదు. పెట్టె కూడా విప్పలేదు.

శుక్రవారం నేను ఇంటికి చేరేసరికి కింద శవాన్ని తీసుకెళ్లే నల్లబండి ఆగి ఉంది. మా ఆవిడ తడిగుడ్డ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ముగ్గు అలాగే ఉంది.

"తుడవలే?" అన్నాను.

"చెయ్యి రాలే" అంది. "ఇది తుడిస్తే ఇగ తాత దేని మీంచి దుంకుతడు?" అని ఏడ్చేసింది.

అంతలో పైనుంచి ఇద్దరు మనుషులు ఆయన్ని మోసుకుంటూ దిగుతున్నారు. మలుపుల్లో గోడకు తగలకుండా, ఆగి ఆగి దిగుతున్నారు. ముందున్నతను మా అంతస్తుకు రాగానే మా ఆవిడ కళ్లు తుడుచుకుని, తనకొచ్చిన జర్మన్‌లో, గీత చూపిస్తూ, "బిట్టె, దయచేసి తొక్కకండి" అంది. అతను గీతను చూశాడు, ఆమె చేతిలో తడిగుడ్డ చూశాడు. వెనకున్నతనికి ఒక్క మాట చెప్పాడు. ఆ బరువుతో, ఆ ఇరుకులో, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఎడమ కాలు పైకెత్తి అవతల వేశారు.

"కిందికైతే దిగిండు" అంది మా ఆవిడ.

కింద వీధి తలుపు తెరుచుకుంది, ఎండ మెట్ల దాకా వచ్చింది. ముగ్గు మీద ఒక్క బూటు అచ్చు కూడా పడలేదు.