చేవ తినే గొడుగు, అక్క తాగిన కషాయం

పిడులాయన అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. సుత్తి పిడి, ఉలి పిడి, గొడ్డలి కామ, ఇలా మనిషి చేతికీ ఇనుముకూ మధ్య ఉండేదేదైనా ఆయనే చేసేవాడు. ఆ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విరిగిన పిడులు ఏరుకొచ్చి, ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో చూసుకుంటూ నేర్చుకున్నాడు. చేతిలోకి కర్ర రాగానే వేలి కణుపుతో తట్టేవాడు. కంగుమంటే పక్కన పెట్టేవాడు. బొదబొదమంటే అది ఎంత నున్నగా ఉన్నా బయట పారేసేవాడు.

అందుకే చెక్క మీద మొలిచే పుట్టగొడుగులంటే ఆయనకు ఒళ్లు మంట. గొడుగు పైకి కనబడేసరికే దాని దారాలు లోపలంతా పాకి, చేవను తినేసి ఉంటాయి. అలాంటి మనిషి ఒక వానాకాలం తన పని షెడ్డు వెనక ఓ పాత మొద్దు ముందు గొంతుక్కూర్చుని, ఎదురుగా ఉన్న గొడుగును ఏం చెయ్యాలో తోచక తల గోక్కున్నాడు.

దాన్ని ముందు చూసింది ఆయన బావమరిది. షెడ్డులో ఓ మూల బీరువాలకూ కుర్చీలకూ లక్క పాలిష్ వేసుకుంటాడు. పని చక్కగా చేస్తాడు కానీ పనికన్నా మాట ముందు నడుస్తుంది.

"బావా, ఇటు రా! ఇది మామూలు గొడుగు కాదు. దీన్ని పొడి కొట్టి సీసాల్లో అమ్ముతున్నారు. రీషీ అంట. గుండెకి మంచిది, నెత్తురుకి మంచిది, నిద్రకి మంచిది..."

"అప్పులు కూడా తీరుస్తుందేమో, కనుక్కో."

"నువ్వట్లాగే నవ్వుతుండు. అవతలివాళ్లు మేడలు కడుతున్నారు."

అరచేయంత ఉంది. కాడ దాదాపు లేదు, చిన్న విసనకర్రను మొద్దుకు గుచ్చినట్టు ఉంది. అంచు లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు, పైన అద్దంలాంటి మెరుపు. గోటితో నొక్కితే దిగలేదు, అచ్చంగా చెక్కే. కింద మామూలు పుట్టగొడుగుకుండే మడతలు లేవు. సూదితో పొడిచినట్టు సన్నని రంధ్రాలున్నాయి. చెక్కను తిని చెక్కలా తయారైన దీన్ని ఏ వరసలో చేర్చాలో పిడులాయనకు అర్థం కాలేదు.

బావమరిదికి మాత్రం ఆ మెరుపు మీద అనుమానం వచ్చింది. గుడ్డకు స్పిరిట్ అద్ది గొడుగును రుద్దాడు. పాత పాలిష్‌ను ఆ పనివాళ్లెప్పుడూ అలాగే పరీక్షిస్తారు. గుడ్డ గోధుమరంగుకు తిరిగింది.

"అయ్యో, బావా! ఇది నా పాలిషే. డబ్బాలో మిగిలింది ఇటే ఒంపుతుంటా కదా. రీషీ లేదు, గీషీ లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు చూస్తే తుడిచినచోట మళ్లీ గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. మళ్లీ తుడిచారు, మళ్లీ వచ్చింది. ఏ పాలిషూ తనంతట తాను తిరిగి రాదు. బావమరిది వెంటనే మాట మార్చేశాడు. "చెప్పానా? ఇది రీషీయే!" పిడులాయన మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాడు.

ఆ సంగతిని ఇంట్లో నవ్వులాటగా చెప్పడమే పొరపాటైంది. వాళ్లతోపాటే ఉంటున్న ఆయన అక్క, కుట్టుమిషను ఆపి విన్నది. ఆమె గుండెలో ఒక కవాటం మార్చారు. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. రెండో అంతస్తులోని ఇంటికి మధ్యలో ఆగకుండా మెట్లు ఎక్కలేకపోయేది.

"గుండెకి మంచిదన్నాడా?" అని మాత్రం అడిగింది.

తర్వాత ఒక సాయంత్రం పిడులాయన ఇంట్లో అడుగుపెట్టేసరికి వంటగదిలోంచి తన షెడ్డు వాసన వచ్చింది. తడిసిన చెక్కపొట్టు వాసన. పొయ్యి మీద గిన్నెలో నల్లటి నీళ్లు కుతకుతలాడుతున్నాయి.

"అక్కా, ఏంటిది?"

"మీ బావమరిదిని అడిగితే దాని పక్కనే మొలిచిన ఇంకొకటి కోసిచ్చాడు. నాలుగు రోజులైంది తాగబట్టి. అబ్బ, ఏం చేదురా!"

"అది చెక్కలో చేవ తినేదక్కా!"

"నన్నేం తింటుందిలే. నాలో చేవ ఎక్కడ ఏడ్చింది?"

గిన్నె దించి పారబోద్దామని చెయ్యి చాచాడు. "ఆగరా," అంది అక్క. "నిన్న మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. కావాలంటే నీ పెళ్లాన్ని అడుగు."

అడగక్కర్లేదు, ఆయనే చూశాడు. నిన్న అక్క కూరల సంచీతో పైకి వచ్చి, గుమ్మంలో నిలబడి మామూలుగానే మాట్లాడింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెక్కను గుల్ల చేసేది మనిషిని ఎలా నిలబెడుతుంది? నిలబెట్టడం లేదంటే ఆ మెట్ల సంగతేమిటి? ఒళ్లంతా కళ్లు చేసుకుని అక్కనే చూస్తుండిపోయాడు.

ఆయన అన్ని కళ్లతో చూసినా, అసలు చూడాల్సింది ఆయన భార్య చూసింది.

"వదినా, ఆ చెయ్యేంటి?"

అక్క జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. భార్య ఊరుకోలేదు, పైకి తోసింది. మోచేతి పైన అరచేయంత కమిలి, నీలంగా ఉంది. "మిషను బల్ల తగిలింది, అంతే," అంది అక్క. నిలదీస్తే, పళ్లు తోముకునేటప్పుడు నెత్తురు వస్తోందని కూడా ఒప్పుకుంది.

పిడులాయన మిగిలిన గొడుగు ముక్కను గుడ్డలో చుట్టుకుని, అక్కను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరమ్మ ముందు నెత్తురు పరీక్షకు పంపింది. కాగితం వచ్చాక నొసలు ముడిచింది. "ఉండాల్సినదానికన్నా బాగా పలచబడింది. కొత్తగా ఏమన్నా వాడుతున్నారా?"

అక్క గోడ గడియారం వైపు చూసింది. పిడులాయన మూట విప్పి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ముక్కను తిప్పి చూసింది. "ఈ జాతి గొడుగుల్ని మందుగా చాలాకాలం నుంచి వాడుతున్నారు. ఇందులో కొన్ని పిండిపదార్థాల్లాంటివి, కొన్ని చేదు పదార్థాలు ఉన్నాయి. ప్రయోగశాలలో గాజు గిన్నెల్లో, ఎలకల్లో మంచి ఫలితాలు కనబడ్డాయి. మనుషుల మీద చేసిన పరీక్షలు మాత్రం చిన్నవి. ఒకదానికొకటి పొంతన కుదరదు. గుండె జబ్బుకు పనికొస్తుందని ఇంతవరకూ తేలలేదు. నెత్తురును మాత్రం ఇంకాస్త పలచబరచవచ్చు. మీ అక్కగారు వేసుకునేదీ అలాంటి మాత్రే."

"అయితే దీనివల్లే అంటారా?"

"వేరే మందులేమన్నా వాడారా?"

"పన్ను నొప్పికి మాత్రలు వేసుకున్నా," అంది అక్క నెమ్మదిగా. "పోయిన వారం."

"వాటివల్ల కూడా కావచ్చు. రెండూ కలిసి చేసి ఉండొచ్చు. నేను ఖాయంగా చెప్పలేను."

"అసలిది ఆ రీషీయేనా, డాక్టరమ్మా?"

"అదీ చెప్పలేను. చూడ్డానికి ఒకేలా ఉండేవి బోలెడుంటాయి. ఏ చెక్క మీద మొలిచిందో, అక్కడ ఏం పోశారో కూడా చూసుకోవాలి."

పిడులాయనకు పాలిష్ డబ్బాలు గుర్తొచ్చాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గుడ్డకు అంటిన పొడి సంగతీ చెప్పాడు.

"ఆ పొడి దాని విత్తనాల్లాంటిది. బతికున్నన్నాళ్లూ రాలుస్తూనే ఉంటుంది. కాబట్టి అది పాలిష్ కాదు. అలాగని అక్కడ ఒంపిన పాలిష్ గొడుగులోకి వెళ్లలేదనీ అనలేం. కషాయం ఇవాళే ఆపండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు. ఏ పూట మానాలో, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో రాసిస్తాను."

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "మరి మెట్లు ఎక్కాను కదరా. అది అబద్ధమా?"

"ఎక్కావు. నేనూ చూశాను."

"మరి?"

"అది గొడుగు బలమో, నీ నమ్మకం బలమో, ఆ రోజు ఉక్క తగ్గిందో... నాకు తెలియట్లేదక్కా. ఆవిడే ఖాయంగా చెప్పలేనంటుంటే నేనేం చెప్పను?"

మర్నాడు బావమరిది ముఖం చిన్నబుచ్చుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "వదినా, నా నోరు పడిపోనూ."

"పడిపోతే నీ పాలిష్ ఎవడు కొంటాడు? నోటితోనేగా అమ్ముతావు," అంది అక్క.

కొన్నాళ్లకు కమిలిన మచ్చ పసుపుకు తిరిగి మాసిపోయింది. మళ్లీ పరీక్ష చేయిస్తే నెత్తురు ఉండాల్సినట్టే ఉందన్నారు. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చిన రోజున, మెట్ల మధ్యలో అక్క ఆగిపోయింది. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుంది. రెండు మెట్లు కింద పిడులాయన నిలబడ్డాడు.

"ఆ గొడుగు ఇంకా ఉందా, కోసేశావా?"

"ఉంది. చెయ్యి రాలేదు."

"ఒక్క గుక్క... వారానికొక్క గుక్కయినా వద్దంటావా?"

వద్దంటే ఆ ఆయాసం ఆయన కళ్లముందే ఉంది. సరేనంటే ఆ నీలపు మచ్చ కళ్లలో మెదులుతోంది. మంచిదో చెడ్డదో ఇప్పటికీ తెలియదు.

"వద్దక్కా," అన్నాడు చివరికి. "ఆయాసం సంగతి డాక్టరమ్మనే అడుగుదాం. రేపే పోదాం."

అక్క గోడవైపు జరిగి దారి ఇచ్చింది.

"నువ్వు ముందు నడువు. నువ్వట్లా వెనక నిలబడి చూస్తుంటే నాకు ఆయాసం ఇంకా ఎక్కువవుతోంది."